మాల్దీవుల్లో టీచర్ ఉద్యోగం: చేతిలో లక్షన్నర ఉంటే చాలునా?

చిత్తూరు_లెక్కలసారు:
ఎమ్మెస్సీ మ్యాథ్స్, బీఈడీ. మాల్దీవుల్లో ఏదో దూరపు దీవిలో బడి అంట. తిరుపతి ఏజెంటు ఒకాయన రెండున్నర లక్షలు అడుగుతున్నాడు. ముందు టూరిస్టుగా దిగితే, వర్క్ వీసాగా అక్కడే మార్పిస్తాడంట. నా దగ్గరున్నది లక్షన్నరే. దేనికి దుడ్డు పెట్టాలి, దేనికి పెట్టకూడదు? సామాను ఏం తీసుకుపోవాలి?

వీసా_బాబాయ్:
ఆ టూరిస్టు మాట విన్నాక ఇంక అక్కడ కూర్చోవద్దు సారూ. మనవాళ్లకి మాల్దీవుల్లో దిగగానే టూరిస్టు వీసా ఉచితంగానే ఇస్తారు. దాంతో పని చేస్తే నేరం. పట్టుబడితే వెనక్కి పంపేది మిమ్మల్నే, ఏజెంటుని కాదు. సరైన దారిలో అయితే మీరు విమానం ఎక్కకముందే యజమాని మీ పేరు మీద అక్కడి ప్రభుత్వ అనుమతి తీసి పంపాలి. అందులో పేరు, పాస్‌పోర్టు నంబరు సరిపోయాయో లేదో చూసుకున్నాకే టిక్కెట్టు. వర్క్ వీసాకి నెలకి 350 రుఫియా (అక్కడి కరెన్సీ) ఫీజు, అది కట్టాల్సింది యజమాని. మీ జీతంలో కోస్తామంటే ఒప్పుకోవద్దు.

ఏజెంటు సంగతి: మన చట్టం ప్రకారం లైసెన్సున్న ఏజెంటు మీ దగ్గర తీసుకోగలిగేది గరిష్ఠంగా 30,000 రూపాయలు, పైన 18 శాతం జీఎస్టీ. మొత్తం 35,400. రసీదు ఇవ్వాలి. లైసెన్సు నంబరు అడిగి, విదేశీ ఉద్యోగాలకి మన ప్రభుత్వం నడిపే ఈ-మైగ్రేట్ సైట్‌లో వెతకండి. నంబరు చెప్పడానికి నసిగితే గమ్మున వచ్చేయండి.

సర్టిఫికెట్ల పని ఇవాళే మొదలుపెట్టండి, ఆలస్యమయ్యేది అక్కడే. డిగ్రీలకి ముందు రాష్ట్ర ప్రభుత్వ ముద్ర, తర్వాత విదేశాంగ శాఖది. ఈ వరస తప్పితే కాగితాలు తిరిగొస్తాయి. అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా మన విదేశాంగ శాఖ ఇచ్చే ధ్రువీకరణ) కావాలా, ఎంబసీ అటెస్టేషనా (ఆ దేశ రాయబార కార్యాలయం వేసే ముద్ర) అన్నది బడివాళ్లని మెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి. పోలీస్ క్లియరెన్స్‌కి పాస్‌పోర్ట్ సేవా సైట్‌లో 500 కట్టి, తిరుపతి కేంద్రంలోనే స్లాట్ తీసుకోవచ్చు.

రుఫియా_రూపాయి:
అందరూ జీతం అంకె చూస్తారు, ఏ కరెన్సీలో ఇస్తారో చూడరు. అధికారిక రేటు డాలరుకి దాదాపు 15.42 రుఫియా. ఆ లెక్కన 15,420 రుఫియా అంటే వెయ్యి డాలర్లు. కానీ అక్కడ డాలర్లకి కటకట, బ్యాంకులు ఇంటికి పంపే మొత్తానికి పరిమితి పెడతాయి. బయట 18 పెట్టి కొన్నారనుకోండి, అదే జీతం 857 డాలర్లకి దిగుతుంది. ఇంట్లో ఈఎంఐ ఉంటే ఈ తేడా గట్టిగానే తగులుతుంది.

ఆదాయపు పన్ను బెంగ వద్దు, అక్కడ నెలకి 60,000 రుఫియా దాకా సున్నా. మొదటి జీతం వచ్చేదాకా నెలన్నర ఖర్చు విడిగా ఉంచుకోండి. నోట్ల రూపంలో 3,000 డాలర్ల వరకు తీసుకెళ్లొచ్చు, మీకు అంత అవసరం రాదు. ఇక్కడి సేవింగ్స్ ఖాతాని ఎన్ఆర్ఓగా (విదేశాల్లో ఉండే మనవాళ్ల ఖాతా) మార్చడం మాత్రం మర్చిపోకండి.

దీవి_వంటిల్లు:
బియ్యం, చేప దొరుకుతాయి. కూరగాయలు పడవల మీద రావాలి, కాబట్టి ధర మండుతుంది. కందిపప్పు, చింతపండు, ఎండుమిర్చి, ఇంగువ మోసుకుపోండి. ఆవకాయని రెండు కవర్లలో సీలు చేసి చెక్-ఇన్ బ్యాగులోనే పెట్టండి, మిరప పచ్చళ్లని క్యాబిన్‌లోకి రానివ్వరు. ఎండు కొబ్బరి అసలు వద్దు, తొందరగా అంటుకుంటుందని విమానాల్లో ఒప్పుకోరు.

పూజకి వాడే విగ్రహాలు ఆ దేశంలోకి నిషేధం. ఏడుకొండలవాడైనా సరే, కస్టమ్స్‌లో ఆపేస్తారు. అక్కడి సాకెట్లు పలకల పిన్నులు మూడుండే ఇంగ్లండు రకం. మన గుండ్రటి పిన్ను దూరదు. అడాప్టర్లు రెండు, కుక్కరుకి మాత్రం 13 ఆంపియర్లు తట్టుకునేది కొనండి. చవక రకం వేడెక్కి కరిగిపోతుంది.

ఇమూగా ఫారం (మాల్దీవుల్లో దిగేవాళ్లు ఆన్‌లైన్‌లో ఇచ్చే ప్రయాణ వివరాలు) ప్రయాణానికి ముందు 96 గంటల్లోపు నింపాలి. అది ఉచితం. డబ్బులు అడిగే సైట్ దొంగది. శుక్రవారం దిగొద్దు, సెలవురోజు కాబట్టి దీవులకి పడవలు సరిగ్గా దొరకవు, రాజధాని మాలేలో గది అద్దె మీద పడుతుంది.

చిత్తూరు_లెక్కలసారు:
ఆఫర్ లెటర్‌లో రుఫియా అనే ఉంది. వసతి "షేర్డ్" అని రాశారు, దీవి పేరు లేదు.

వీసా_బాబాయ్:
దీవి పేరు లేకుండా సంతకం పెట్టకండి సారూ. గదికి ఎంతమంది, కరెంటు నీళ్ల బిల్లు ఎవరిది, మాలే నుంచి దీవికి పడవ ఖర్చు ఎవరిది, ఏడాదికోసారి రానూపోనూ టిక్కెట్టు ఉందా లేదా, ఈ నాలుగూ రాయించుకోండి. అవి రాసిచ్చేదాకా ఏజెంటుకి అడ్వాన్సు కూడా వద్దు.