స్వీటెనర్ వేస్తే నాలుక ఒప్పుకుంటుంది, మెదడు ఎందుకు ఒప్పుకోదు?

గంటస్తంభం (విజయనగరం):

రెండు ప్రశ్నలండి. షుగరున్నవాళ్ళు టీలో పంచదార మానేసి స్వీటెనర్ బిళ్ళ వేసుకుంటారు. తీపి తీపిగానే ఉంటుంది. అయినా కాసేపటికి చెయ్యి భీమాలి తాండ్ర డబ్బా మీదకే పోతుంది. నాలుకకి తేడా తెలియనప్పుడు మెదడుకి ఎలా తెలుస్తోంది? రక్తంలో గ్లూకోజు పెరిగాక పసిగడుతుందా, అంతకంటే ముందేనా?

రెండోది: పొడపత్రి ఆకు నమిలితే పంచదార తియ్యగా ఉండదంటారు కదా. తొమ్మిదో తరగతి పిల్లలకి చూపించాలంటే పద్ధతిగా ఎలా చెయ్యాలి? "తీపి మానెయ్యండి అంతే" లాంటి జవాబులు వద్దు, అవి ఇంట్లోనే దొరుకుతున్నాయి.

నాగావళి_ఒడ్డు (శ్రీకాకుళం):

ముందే తెలుస్తుంది. మెదడుకి కబురు రెండు దారుల్లో వెళ్తుంది. ఒక దారి "తియ్యగా ఉంది" అని చెబుతుంది, రెండోది "గ్లూకోజు వచ్చింది" అని చెబుతుంది. స్వీటెనర్ మొదటిదాన్నే మెప్పించగలదు.

మొదటి దారి నాలుక. రుచి మొగ్గల్లో టీ1ఆర్2, టీ1ఆర్3 అనే రెండు ప్రొటీన్లు జతకట్టి తీపి గ్రాహకంగా పనిచేస్తాయి. 2001 ప్రాంతంలో వీటి సంగతి బయటపడింది. పంచదార, శాకరిన్, సుక్రలోజ్, స్టీవియా అన్నీ తట్టేది ఈ జతనే, అందుకే అన్నీ తీపే. (పిల్లుల్లో టీ1ఆర్2 జన్యువు చెడిపోయి ఉంటుంది. పాయసం గిన్నె పిల్లి నాకిందంటే అది పాల కోసమే, బెల్లం కోసం కాదు.) అక్కడినుంచి ఏడో, తొమ్మిదో కపాల నాడులు కబురుని మెదడు కాండానికి, అది థాలమస్‌కి, చివరికి ఇన్సులా అనే భాగానికి చేరవేస్తాయి.

రెండో దారి చిన్నపేగు. పంచదార అక్కడ సుక్రేజ్ ఎంజైము చేతిలో గ్లూకోజు, ఫ్రక్టోజుగా విడిపోతుంది. గ్లూకోజు పేగు కణంలోకి వెళ్ళే గేటు పేరు ఎస్‌జీఎల్‌టీ1. ఒక్కో గ్లూకోజు అణువుతో పాటు రెండు సోడియం అయాన్లు కూడా ఉంటేనే ఈ గేటు తెరుచుకుంటుంది. ఓఆర్ఎస్ పొట్లంలో లీటరుకి 13.5 గ్రాముల గ్లూకోజుతో పాటు 2.6 గ్రాముల ఉప్పు ఉండేది ఇందుకే. పేగు గోడలో అక్కడక్కడా ఉండే కొన్ని కణాలకి ఇదే గేటు సెన్సరు కూడా. ఆ కణాలు పేగు నుంచి మెదడు కాండానికి వెళ్ళే వేగస్ నాడితో నేరుగా సినాప్సు (నాడీ కబురు చేతులు మారే అతుకు) కట్టుకుని, గ్లుటమేట్ అనే కబురు రసాయనం వదిలి, మిల్లీసెకన్లలో కబురు అందిస్తాయని 2018లో చూపించారు. హార్మోన్లు రక్తంలో కలిసి మెదడు దాకా వెళ్ళే వరకూ ఆగే పని లేదు.

మీ ప్రశ్నకి సూటిగా జవాబిచ్చేది 2020 నాటి ప్రయోగం. ఎలుకల ముందు రెండు సీసాలు పెట్టారు, ఒకదాంట్లో పంచదార నీళ్ళు, రెండోదాంట్లో స్వీటెనర్ నీళ్ళు. మొదట్లో రెండూ సమానంగా తాగాయి. 48 గంటలయ్యేసరికి దాదాపు పంచదార సీసాకే అంటుకుపోయాయి. తీపి రుచే తెలియకుండా జన్యువు మార్చిన ఎలుకలు కూడా పంచదార వైపుకే వచ్చాయి. వేగస్ నాడిని తెంచితే మెదడు కాండంలో ఆ స్పందన పోయింది. అసలు మెలిక ఏమిటంటే, ఒంట్లో ఖర్చు కాని, క్యాలరీ ఇవ్వని ఒక నకిలీ గ్లూకోజుని ఇచ్చినా ఎలుకలు దానికి మరిగాయి. అంటే మెదడు లెక్కపెడుతున్నది క్యాలరీలని కాదు, ఆ గేటు తెరుచుకోవడాన్ని. ఫ్రక్టోజు వేరే గేటులో వెళ్తుంది కాబట్టి ఈ గంట మోగించదు.

చోడంబలి (పలాస):

బాగానే చెప్పారు గానీ అవి ఎలుకలండీ. మనిషికి తాండ్ర డబ్బా ఏ అల్మారాలో ఉందో కూడా గుర్తుంటుంది. పైగా టీ తాగే మనిషి పేగులో గ్లూకోజు లేకుండా పోదు. గంట క్రితం తిన్న 200 గ్రాముల అన్నంలోనే సుమారు 55 గ్రాముల పిండిపదార్థం ఉంది, అదంతా గ్లూకోజుగానే మారి ఆ గేటు దగ్గరికే వస్తుంది. టీలో పాలున్నా అంతే. 50 మి.లీ. పాలలో రెండు గ్రాముల పైన లాక్టోజు, అందులో సగం గ్లూకోజు, సగం గాలక్టోజు, రెండూ ఎస్‌జీఎల్‌టీ1 లోంచే వెళ్తాయి.

అందుకని నా లెక్క వేరు. మెదడు ఏ వాసనతో, ఏ రుచితో పాటు పేగు కబురు వచ్చిందో ఆ రెండిటికీ ముడి వేసుకుంటుంది. ఏళ్ళ తరబడి టీ వాసన వెనకాల పది గ్రాముల పంచదార వచ్చింది. ఇప్పుడు వాసన వస్తోంది, సరుకు రావట్లేదు. ఆ వెలితే తాండ్ర దగ్గరికి తీసుకెళ్తోంది.

ఇంకోటి, పిల్లలకి చెప్పేటప్పుడు నాలుక కొసన తీపి, వెనక చేదు అనే బొమ్మ మాత్రం గియ్యకండి. అది తప్పు. రుచి మొగ్గలున్న ప్రతిచోటా అన్ని రుచులూ తెలుస్తాయి.

రాజాం_ల్యాబ్:

పొడపత్రి సంగతి. ఆకులోని జిమ్నీమిక్ ఆమ్లాలు నాగావళి గారు చెప్పిన టీ1ఆర్3 ని పట్టుకుని కూర్చుంటాయి. 30 నుంచి 60 నిమిషాలు తీపి తెలియదు, తర్వాత దానంతటదే వచ్చేస్తుంది.

కావలసినవి: తెలిసినవాళ్ళు చూపించిన పచ్చి ఆకులు గానీ ఆయుర్వేద దుకాణంలో దొరికే ఎండు పొడి గానీ. 100 మి.లీ. నీళ్ళలో 10 గ్రాముల పంచదార. ఇంకో గ్లాసులో అంతే నీళ్ళకి 1 గ్రాము ఉప్పు. మూడోదాంట్లో పల్చటి చింతపండు పులుసు. నాలుగోదాంట్లో స్వీటెనర్ నీళ్ళు.

ముందు ఆకు లేకుండా నాలుగూ ఒక్కో చెంచా రుచి చూపించి, 0 నుంచి 10 వరకూ మార్కులు వేయించండి. మధ్యలో నోరు పుక్కిలించాలి. తర్వాత రెండు ఆకులు గానీ అర చెంచా పొడి గానీ నోట్లో వేసుకుని, నాలుకంతా తగిలేలా ఒక నిమిషం నమిలి, ఉమ్మేసి, మళ్ళీ బాగా పుక్కిలించాలి. ఇప్పుడు అవే నాలుగు, వరస మార్చి, గ్లాసుల మీద పేర్లు కనపడకుండా. ఉప్పు, పులుపు మార్కులు కదలవు. పంచదార, స్వీటెనర్ రెండూ పడిపోతాయి, రెండూ కూర్చునే కుర్చీ ఒకటేనని పిల్లలకి అక్కడే అర్థమైపోతుంది. ఆఖర్న పొడి పంచదార పలుకులు నాలిక మీద వేయండి. ఇసుక నమిలినట్టే ఉంటుంది, క్లాసంతా గోలే.

ఎక్కడ చెడుతుందంటే: చేదుకి భయపడి గబుక్కున మింగేస్తారు, నాలుక అంచులకి తగలదు, సగం తీపి మిగిలిపోతుంది. సరిగ్గా పుక్కిలించకపోతే చేదు అన్నిటికీ అంటుకుని ఉప్పు మార్కులు కూడా తారుమారవుతాయి. పంచదార బదులు బెల్లం వాడితే అందులోని లవణాల వల్ల కాస్త ఉప్పదనం తగిలి "నాకు ఇంకా రుచి తెలుస్తోంది" అంటారు. మామూలు పంచదారే వాడండి. షుగరు మందులు వాడేవాళ్ళ చేత చేయించవద్దు, ఎవరూ ఆకు మింగకూడదు.

వంశధార_క్లినికల్ (నరసన్నపేట):

షుగరున్నవాళ్ళ మాట వచ్చింది కాబట్టి ఒకటి చేరుస్తున్నా. ఇదే సుక్రేజ్ దగ్గర జనం పొరపాటు పడతారు.

మెదడు రోజుకి దాదాపు 120 గ్రాముల గ్లూకోజు వాడుకుంటుంది, కాబట్టి తగ్గుదలని చాలా సీరియస్‌గా తీసుకుంటుంది. మెదడు అడుగున ఉండే హైపోథాలమస్‌లో గ్లూకోజు పెరిగితే చురుకయ్యే న్యూరాన్లు కొన్ని, తగ్గితే చురుకయ్యేవి కొన్ని ఉంటాయి. రక్తంలో డెసిలీటరుకి 70 మి.గ్రా. కంటే దిగజారుతుంటే గ్లూకోజుని పెంచే హార్మోన్లు గ్లూకగాన్, అడ్రినలిన్ పైకి లేస్తాయి: చెమట, వణుకు, గుండెదడ, ఆకలి. బీపీకో గుండెకో ఇచ్చే బీటా బ్లాకర్ మాత్ర వేసుకునేవాళ్ళకి వణుకు, దడ తెలియకపోవచ్చు, చెమట మాత్రం పడుతుంది.

అప్పుడు 15 గ్రాములు, అంటే మూడు నాలుగు చెంచాల పంచదార అర గ్లాసు నీళ్ళలో కలిపి తాగించి, 15 నిమిషాలాగి మళ్ళీ చూడాలి. స్వీటెనర్ వేసిన టీ ఇక్కడ ఎందుకూ పనికిరాదు. లడ్డూ, కోవా వద్దు, నెయ్యి వల్ల ఆలస్యమవుతుంది. వోగ్లిబోస్, అకార్బోస్ అనే షుగరు మాత్రలు వేసుకునేవాళ్ళకి పంచదార కూడా వెంటనే పనిచెయ్యదు, ఎందుకంటే ఆ మందు ఆపేదే పంచదారని విడగొట్టే ఎంజైముని. వాళ్ళ ఇంట్లో గ్లూకోజు పొడి డబ్బా ఉండి తీరాలి. స్పృహ లేని మనిషి నోట్లో ఏదీ పొయ్యకండి, ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

గంటస్తంభం (విజయనగరం):

వోగ్లిబోస్ సంగతి ఎవరూ చెప్పలేదండి ఇప్పటిదాకా, రాసి పెట్టుకున్నాను. చివరిగా ఒకటి: చోడంబలి గారు చెప్పిన ఆ ముడి విప్పడం ఎలగ?

చోడంబలి (పలాస):

ఒక్కరోజులో తెంపితే పంతం పెరుగుతుంది. కప్పుకి రెండు చెంచాలైతే రెండు మూడు వారాలకోసారి పావు చెంచా తగ్గించండి. అంత చిన్న తేడాని నాలుక పెద్దగా పట్టదు. తీపి తగ్గించి తిన్నవాళ్ళకి రెండు మూడు నెలలు గడిచాక పాత తీపే ఎక్కువనిపిస్తుందని మనుషుల మీద చేసిన పరిశీలనల్లో తేలింది.

టీ మరీ చల్లార్చి తాగొద్దు. తీపి కబురుని ముందుకి పంపే ట్రిప్‌ఎం5 అనే చానెల్ (రుచి కణంలో అయాన్లు వెళ్ళే దారి) వేడికి బాగా తెరుచుకుంటుంది, అందుకే కరిగిన ఐస్‌క్రీము వెగటు పుట్టేంత తీపి. గోరువెచ్చగా ఉండగా తాగితే తక్కువ పంచదారే సరిపోతుంది.

స్వీటెనరే కావాలంటే, అస్పర్టేమ్‌ని టీతో పాటు మరిగించకండి, వేడికి విడిపోయి తీపి పోతుంది. దింపాక వేసుకోవాలి. సుక్రలోజ్ మరిగినా నిలుస్తుంది. సాచెట్ అయితే వెనక అట్ట చదవండి: సుక్రలోజ్ తీపి పంచదారకి 600 రెట్లు, పొట్లంలో అది చిటికెడు కూడా ఉండదు, మిగతాదంతా చాలా వాటిల్లో డెక్స్‌ట్రోజో మాల్టోడెక్స్‌ట్రినో. డెక్స్‌ట్రోజ్ అంటే గ్లూకోజే.