కదలకుండా కూర్చోలేని మాలాంటి వాళ్లకు ఆధ్యాత్మిక కోచింగ్ ఎవరికైనా పనిచేసిందా?

సీతాఫలం:
నాకు 36. పోయినేడాది మా అబ్బాయిని సైకాలజిస్టు దగ్గరకు తీసుకెళ్తే, ఆవిడ వాడి గురించి అడిగే ప్రతి ప్రశ్నకూ లోపల నేనే తలూపుతున్నాను. మూడు నెలల తర్వాత సైకియాట్రిస్టు నాకూ ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం) అన్నారు. మందు పనికి సాయం చేస్తోంది. కానీ ‘ఇంత తెలివి పెట్టుకుని ఈ బద్ధకమేంటే’ అని ముప్పై ఏళ్లు విన్న మాటలున్నాయి చూశారా, అవి టాబ్లెట్‌కి కరగడం లేదు.

అందుకని ‘అంతరంగ స్వస్థత’ అంటూ కోచింగ్ ఇచ్చే ఒకరి దగ్గర మూడు నెలల ప్యాకేజీ తీసుకున్నాను. తెల్లారుజామున 4 గంటలకు లేచి 45 నిమిషాలు కదలకుండా కూర్చోవాలి. ఐదో నిమిషానికే నా కాలు ఊగడం మొదలు. ‘అది పూర్వజన్మ కర్మ, బయటికి రానివ్వండి’ అన్నారు. ఆరో వారం ‘ఆ టాబ్లెట్లు ఆపితేగానీ మీ ఎనర్జీ శుభ్రపడదు’ అన్నారు. టాబ్లెట్లు ఆపలేదు, కోచింగే ఆపేశాను. డబ్బు మాత్రం తిరిగి రాలేదు.

అయినా నాకు భక్తి కావాలి. కాకపోతే నన్ను రిపేరు చేయాల్సిన సరుకులా చూడని దారి కావాలి. మీకెవరికైనా దొరికిందా?

గోదారిగట్టు:
నాది ఆటిజం అండి, 41 ఏళ్లకు తెలిసింది. కోచ్ సంగతి తెలీదు, నాకు మాత్రం మా నాయనమ్మ రామకోటి పుస్తకం పనిచేసింది. గళ్ల కాగితం, గడికొక ‘శ్రీరామ’. ఆకుపచ్చ జెల్ పెన్ను, అదీ ఒకే కంపెనీది, మారిస్తే చేయి ఒప్పుకోదు. ‘శ్రీ’కి గుడిదీర్ఘం తిప్పేటప్పుడు కాగితం మీద పెన్ను చేసే చిన్న చప్పుడు ఉంటుంది, నాకు రోజంతటి అలసట అక్కడే దిగుతుంది. కళ్లు మూసుకుంటే నా తలలో ఆఫీసు తిరుగుతుంది. చేతికి పనిస్తే మనసు ఓ పక్కన కూర్చుంటుంది.

రోజుకు మూడు వందల దాకా రాస్తాను. లెక్కేస్తే కోటికి 91 ఏళ్లు పడుతుంది. నాకేం తొందర లేదు.

సీతాఫలం:
గోదారిగట్టు గారూ, మధ్యలో పది రోజులు మానేస్తే? నాకు అక్కడే భయం. ఒక రోజు తప్పితే ఇక ఆ పుస్తకం మొహం చూడను.

గోదారిగట్టు:
ఎక్కడ ఆపితే అక్కడే ఉంటుందండి. తర్వాతి గడి ఖాళీగా ఉంటుంది, అంతే. యాప్‌లా ‘మీ 42 రోజుల వరస తెగిపోయింది’ అని ఏడిపించదు.

నల్లమల:
నాదీ ఏడీహెచ్‌డీనే. పది రోజుల విపశ్యన ధ్యాన శిబిరానికి వెళ్లాను. దరఖాస్తులో మానసిక ఆరోగ్యం గురించి, వాడే మందుల గురించి అడుగుతారు, దాచకుండా రాశాను. మీరూ దాచకండి. ఫోను, పుస్తకం, పెన్ను ఏవీ ఉండవు. నాలుగు గంటలకు గంట కొడతారు, రోజుకు దాదాపు పది గంటలు కూర్చోవడమే. మౌనం నాకు స్వర్గం, ‘ఏంటి విశేషాలు’ అని అడిగేవాళ్లే లేరు. కూర్చోవడం నరకం. నాలుగో రోజు తర్వాత రోజుకు మూడుసార్లు గంటసేపు కదలొద్దంటారు. ఒక్కసారి కూడా పూర్తిగా నిలబడలేకపోయాను.

అసలు ఇబ్బంది ఇంటికొచ్చాక. అక్కడ టైమ్‌టేబుల్ వాళ్లది, ఇక్కడ ఏదీ లేదు. వారం తిరక్కముందే అంతా చెదిరిపోయింది. పద్ధతిని తప్పుపట్టను గానీ పాత గాయాలున్నవాళ్లు మొదటి మెట్టుగా దాన్ని ఎక్కకండి. ఒంటి మీద ధ్యాస పెడుతూ పోతే ఏవేవో పైకొస్తాయి, పక్కన మాట్లాడటానికి మనవాళ్లు ఉండరు.

మామిడితాండ్ర:
మా వాడికి తొమ్మిదేళ్లు, ఆటిజం. మాది హన్మకొండ. ఒకసారి కార్తీక సోమవారం వేయిస్తంభాల గుడికి తీసుకెళ్లి చచ్చేంత తప్పు చేశాను. గంటలు, జనం, తడి బట్టలు తగలడం. వాడు నేల మీద పడి చెవులు మూసుకున్నాడు. ఒకాయన ‘పిల్లాణ్ని గారాబం చేసి పాడుచేశారు’ అన్నాడు.

ఇప్పుడు మామూలు రోజుల్లో మా వీధి గుడికే వెళ్తున్నాం, హెడ్‌ఫోన్ పెట్టి. వాడికి గుండ్రంగా తిరగడం ఇష్టం. ఇంట్లో తిరిగితే థెరపీలో ‘ఆపించండి’ అనేవాళ్లు. గుడి చుట్టూ తిరిగితే ప్రదక్షిణ! పదకొండుకు ఆగడు, నలభై దాకా పోతాడు. అరుగు మీది ముసలమ్మలు ‘ఎంత భక్తో’ అని మురిసిపోతారు. పూజారి గారు వాడి నుదురు తాకరు, కుంకుమ కాగితంలో పొట్లం కట్టి చేతికిస్తారు. ఒక్కో మెదడు ఒక్కోలా ఉంటుందనే ‘న్యూరోడైవర్సిటీ’ మాట ఆయనకు తెలిసుండదు.

లెక్కలమాస్టారు:
నేను కొంచెం చేదుగా మాట్లాడతాను, ఏమనుకోకండి. మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టు అనిపించుకోవాలంటే రీహాబిలిటేషన్ కౌన్సిల్‌లో నమోదు కావాలి. కోచ్ అనడానికి ఒక వాట్సాప్ డీపీ చాలు. 1990ల చివర్లో ఆస్ట్రేలియా పరిశోధకురాలు జూడీ సింగర్ రాతల్లో కనబడ్డ ఈ న్యూరోడైవర్సిటీ మాట ఇప్పుడు బ్రోచర్ల మీద పసుపులా చల్లుతున్నారు. మెదళ్లు రకరకాలుగా ఉంటాయని దానర్థం, మందులొద్దని కాదు.

ఇంకో రకం ఉన్నారు. కర్మ అనరు, ‘మీరు దివ్యాత్మలు, ఇది లోపం కాదు వరం’ అంటారు. మా అమ్మాయికి డిస్లెక్సియా, అంటే చదవడం, రాయడంలో ఇబ్బంది. పరీక్ష హాల్లో వరం పనికిరాలేదు, సర్టిఫికెట్‌తో వచ్చిన అదనపు సమయం పనికొచ్చింది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో అదీ ఉంది, ఆటిజమూ ఉంది. ఏడీహెచ్‌డీకి మాత్రం విడిగా చోటు లేదు. నిజంగా మనసు విరిగిపోయినప్పుడు కోచ్‌కి కాదు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్‌కి, 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

చింతచిగురు:
మాస్టారు గారూ, అందరూ అలా ఉండరు లెండి. నేను డాలస్‌లో ఉంటాను, నా కోచ్‌కీ ఏడీహెచ్‌డీనే. మొదటి కాల్‌కు ముందే ప్రశ్నలు రాసి పంపింది. నడుస్తూ మాట్లాడొచ్చు, కెమెరా అక్కర్లేదు అంది. మందుల గురించి అడిగితే ‘అది మీ డాక్టర్ పని’ అని అక్కడితో ఆపేసింది. చిన్నప్పుడు పూజలో ఏ పని ఇష్టం అని అడిగింది. ఇంతవరకు ఎవరూ అడగని ప్రశ్న. విష్ణుసహస్రనామం, అదీ అమ్మ పక్కన కూర్చుంటేనే అన్నాను.

ఇప్పుడు శనివారం పొద్దున నలుగురం ఆన్‌లైన్‌లో కలిసి చదువుతాం. ఒక్కదాన్నే అయితే మూడో శ్లోకానికి ఫోన్ పట్టుకుంటాను, వీళ్లుంటే చివరిదాకా వెళ్తాను. ఇక్కడ దీన్ని బాడీ డబ్లింగ్ అంటారు. మన భజన మండళ్లు ఎప్పట్నుంచో చేస్తున్నదే.

సీతాఫలం:
మూడు వారాల తర్వాత వచ్చాను, సారీ. ట్యాబ్ తెరిచి మర్చిపోయాను, మీకు చెప్పక్కర్లేదు కదా.

రామకోటి పుస్తకం కొన్నాను. నాలుగు రోజులు రాశాను, ఇప్పుడు ఎక్కడుందో తెలీదు. గోదారిగట్టు గారూ, దొరికితే ఆ గడి నుంచే. చింతచిగురు గారి ప్రశ్న మాత్రం వదల్లేదు. నాకు పూజలో ఇష్టమైన పని వత్తులు చేయడం. అమ్మమ్మ పత్తి పింజ ఇచ్చేది, వేళ్లకు కాస్త విభూది అద్దుకుని తొడ మీద తిప్పుతుంటే సన్నగా సాగేది. సాయంత్రం నేనూ మా వాడూ కూర్చుంటున్నాం. వాడివి లావుగా, వంకరగా వస్తాయి, నావి మధ్యలో తెగుతాయి. కాలు ఊగుతూనే ఉంటుంది. నిన్న వాడే అడిగాడు, ‘అమ్మా, నీకు కూడా స్కూల్లో రోజూ తిట్లేనా?’ అని. చెప్పాను. పత్తి అయిపోయేదాకా చెబుతూనే ఉన్నాను.