నవంబర్ 15 దగ్గర పడుతోంది: బెంచి మీద గురి కుదురుతోంది, నిలబడితే పళ్లెం తప్పుతోంది

నోవై_కొత్త_వేటగాడు:

అందరికీ నమస్కారం. మాది ఒంగోలు దగ్గర పల్లె. ఇప్పుడు మిషిగన్‌లో ఉంటున్నాం, గ్రీన్ కార్డు వచ్చి రెండేళ్లయింది. ఈ వేసవిలో హంటర్ సేఫ్టీ కోర్సు పూర్తి చేశాను. ఆఫీసులో నాతో పనిచేసే పెద్దాయన నవంబర్ 15న కాడిలాక్ దగ్గర తమ స్థలానికి జింకల వేటకు రమ్మన్నారు. అంటే ఇంకా పదకొండు వారాలుంది.

నాది .308 బోల్ట్ యాక్షన్ రైఫిల్, మూడు నుంచి తొమ్మిది రెట్లు పెద్దగా చూపే 3-9 స్కోప్. బెంచి మీద ఇసుక సంచి ఆనించి కాలిస్తే 100 గజాల దగ్గర మూడు తూటాలూ రెండంగుళాల్లో పడుతున్నాయి. లేచి నిలబడితే మాత్రం అయిదింట్లో రెండే గురిగా పెట్టిన కాగితం పళ్లేనికి తగులుతున్నాయి, అవీ అంచున. మొన్న శనివారం పట్టుదలకు పోయి రెండు పెట్టెలు, అంటే 40 తూటాలు కాల్చాను. భుజం వాచింది, గురి ఇంకా పాడయింది. స్కోప్ ఏమైనా కదిలిందంటారా? మళ్లీ 25 గజాల నుంచి మొదలుపెట్టాలా?

ఇంకో మాట. మా ఆవిడకు విల్లు నేర్చుకోవాలని ఉంది. విల్లు సీజన్ అక్టోబర్ 1నే మొదలు కదా, ఈ ఏడాదికి కుదురుతుందా?

గ్రాండ్_రాపిడ్స్_బాబాయి:

స్కోప్ కదల్లేదు తమ్ముడూ. బెంచి మీద రెండంగుళాల్లో పడుతున్నాయంటే తుపాకి తన పని తాను చేస్తోంది. గురి సరిదిద్దడానికి స్కోప్ మీద తిప్పే ఆ టర్రెట్ ముట్టుకోకు. కొత్తవాళ్లు చాలామంది ఇక్కడే దెబ్బతింటారు, తమ వణుకును స్కోప్‌లో సరిదిద్దబోతారు. తిప్పాల్సి వస్తే లెక్క గుర్తుంచుకో: పావు ఎంఓఏ స్కోప్ అయితే, అంటే ఒక్కో క్లిక్కుకు 100 గజాల దగ్గర సుమారు పావు అంగుళం జరిగేదైతే, అక్కడ అంగుళానికి నాలుగు క్లిక్కులు, 25 గజాల దగ్గర అదే అంగుళానికి పదహారు. స్కోప్ రింగుల స్క్రూలు ఒకసారి బిగించి చూసుకో, చాలు.

నీకు పట్టుకున్నది ఉలికిపాటు. ఒక్క పూట 40 తూటాలు .308లో కాలిస్తే ఎవరికైనా పడుతుంది. తుపాకి తంతుందని ఒళ్లు ముందే ఊహించుకుని, ట్రిగ్గర్ పడేలోపే భుజం బిగుసుకుంటుంది. దీన్ని పట్టుకునే మార్గం ఒకటుంది. రేంజిలో (కాల్చడం సాధన చేసే చోట) పక్కన ఇంకొకరిని నిలబెట్టుకుని, మంచి తూటాల మధ్య పేలని డమ్మీ తూటా ఒకటి రెండు నీకు తెలియకుండా పెట్టమను. డమ్మీ వచ్చినప్పుడు గొట్టం కిందికి వంగితే దొంగ దొరికినట్టే. ఆ తర్వాత ఇంట్లో రోజూ పది నిమిషాలు ఖాళీ తుపాకితో ట్రిగ్గర్ నొక్కు. ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) రెండుసార్లు కళ్లతో చూసి, వేలితో తడిమి, తూటాలన్నీ వేరే గదిలో పెట్టాకే, గొట్టం ప్రమాదం లేని వైపు ఉంచి. నిలబడి కాల్చడం పెద్దగా తన్నని చిన్న .22 తుపాకితో నేర్చుకో. .308 తో రేంజికి వెళ్లిన ప్రతిసారీ పదిహేను తూటాలు మించొద్దు.

ఇక అసలు సంగతి. అడవిలో జింక నీకు ఇచ్చేది ఒక్క తూటా. అదీ చల్లటి గొట్టంలోంచి, చల్లబడ్డ ఒంటితో, పొద్దున్నే. అందుకని రేంజికి వెళ్లగానే వేసే మొదటి తూటాకి ప్రతిసారీ కొత్త పళ్లెం పెట్టు. పుట్టినరోజుల్లో కేకు పెట్టే ఎనిమిదంగుళాల కాగితం పళ్లెం చాలు, జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు సుమారు అంతే. దాని మీద తేదీ, దూరం, ఎలా కాల్చావో (నిలబడా, మోకాలి మీదా, కూర్చునా) రాసి దాచు. మొదట 50 గజాలు, అక్కడ వరుసగా అయిదు పళ్లేలకు తగిలాకే 75. నవంబర్ నాటికి ఆ పళ్లేలే చెబుతాయి నువ్వు ఎంత దూరం కాల్చవచ్చో. సరదాగా కాల్చిన మిగతావి లెక్కలోకి రావు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నా మూడో సీజన్‌లో 140 గజాల దగ్గర నిలబడే కాల్చాను. బెంచి మీద నాకూ బాగానే పడేవి మరి. తూటా వెనక్కి, పొట్టలో తగిలింది. చీకటి పడేదాకా, మర్నాడు మధ్యాహ్నం దాకా నెత్తుటి చుక్కలు వెతుక్కుంటూ తిరిగాం. దొరకలేదు. పదేళ్లయింది, ఆ ఆడజింక పరుగెత్తిన తీరు ఇంకా కళ్ల ముందే ఉంది.

వేటకు వేసుకునే దళసరి కోటు, ఆరెంజి వెస్టు, గ్లవ్స్ అన్నీ తొడుక్కుని కనీసం రెండుసార్లు కాల్చు, సెప్టెంబరు ఎండలోనైనా సరే. కోటు మందానికి తుపాకి ముందుకు జరుగుతుంది, స్కోప్‌లో చుట్టూ నల్లటి నీడ కనబడుతుంది. అది ఆ పొద్దున తెలిస్తే లాభం లేదు. వేటకు ఏ తూటా తీసుకెళ్తావో ఇప్పటినుంచీ అదే కాల్చు. 150 గ్రెయిన్ల బరువున్న తూటాతో గురి కుదుర్చుకుని చివర్లో 165 కొంటే పడే చోటు మారుతుంది.

విల్లమ్మి:

బాబాయిగారు చెప్పిన మొదటి తూటా మాట విల్లుకు ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. నేను కాంపౌండ్ విల్లు (కప్పీలుండే విల్లు) పట్టింది మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖను చూసే. హాంగ్జౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు గెలిచింది. అయితే పోటీల్లో 50 మీటర్ల దూరానికి ర్యాంకింగ్ రౌండ్‌లోనే 72 బాణాలు వేస్తారు. వేటలో చెట్టు మీద కూర్చున్న మనకు ఒక్కటే.

మీ ఆవిడగారికి ఈ అక్టోబర్ తొందరే అండీ. నెల రోజుల్లో చేయి అలవాటు పడదు. ఈ ఏడాది నేర్చుకుని వచ్చే ఏడాది వెళ్లమనండి. దుకాణంలో డ్రా పొడవు (నారి ఎంత వెనక్కి లాగాలో) కొలిపించి, నారి లాగే బరువు తక్కువలో మొదలుపెట్టమనండి. కుర్చీలో కూర్చుని, విల్లు పైకెత్తకుండా నిదానంగా నారి లాగగలిగితే ఆ బరువు ఆమెకు సరిపోయినట్టు. నాకు రెండేళ్లకు 45 పౌండ్లు వచ్చింది, 25 గజాలు దాటి వేయను. బాణం లేకుండా నారి లాగి వదలకూడదని మొదటిరోజే చెప్పండి, విల్లు విరిగి మొహానికి తగలొచ్చు.

సీజన్‌కు ముందు బ్రాడ్‌హెడ్లతోనే (వేటకు వాడే పదునైన బాణపు మొనలు) వేసి చూడాలి. సాధనకు వాడే మామూలు మొన, ఫీల్డ్ పాయింట్, పడిన చోటే అవి పడతాయని నమ్మకం లేదు. చెట్టు మీంచి వేసేటప్పుడు చేతులు దించకుండా నడుము దగ్గర వంగాలి. చెట్టు మీంచి పడకుండా కట్టుకునే హార్నెస్ నేల మీదే తగిలించుకుని ఎక్కాలి, పైకి వెళ్లాక కాదు.

కాంటన్_శ్రీకాకుళం:

ఇది చదివే హెచ్-1బి వాళ్ల కోసం ఒక మాట. ఆ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకి గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. స్నేహితుడి తుపాకి రేంజిలో పట్టుకున్నా ఇదే వర్తిస్తుంది. తేడా వస్తే ఇక్కడి బతుకే పోతుంది కాబట్టి ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగండి.

నోవై_కొత్త_వేటగాడు:

బాబాయ్, నిన్న మా పెద్దాయన్ని పక్కన నిలబెట్టుకుని డమ్మీలతో చూశాను. మూడుసార్లకు మూడుసార్లూ గొట్టం కిందికి పోయింది. నాకే ఆశ్చర్యం వేసింది. .308 బీరువాలో పెట్టేశాను, రెండు వారాలు .22 మాత్రమే. మొదటి పళ్లెం 50 గజాలు, మోకాలి మీద, మధ్యకు మూడంగుళాలు ఎడమగా పడింది. తేదీ రాశాను.

అక్కా, మా ఆవిడ వచ్చే ఏడాదికి సరేనంది.

గ్రాండ్_రాపిడ్స్_బాబాయి:

తగిలింది కదా, మంచి మొదలే. క్లిక్కులు తిప్పలేదుగా?

నోవై_కొత్త_వేటగాడు:

తిప్పలేదు బాబాయ్.