రోగులకు ఆరోగ్య యాప్‌లు సిఫారసు చేయవచ్చా? ఏ కొలతతో?

దేవరకొండ నర్సు:
మా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వచ్చే షుగర్ రోగుల పిల్లలు “ఏ యాప్ మంచిది మేడమ్?” అని అడుగుతున్నారు. నక్షత్రాలు చూసి చెప్పడానికి నాకు మనసొప్పడం లేదు. యాప్ చకచకా పనిచేస్తే చాలు, అయిదు నక్షత్రాలు ఇచ్చేస్తారు. లోపలి సలహా సరైనదో కాదో వాళ్లకెలా తెలుస్తుంది? మనం పేరు చెప్పవచ్చా, చెప్పకూడదా?

మిర్యాలగూడ ఫార్మసిస్ట్:
నిక్షేపంగా చెప్పవచ్చు. 2015లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఆరోగ్య యాప్‌ల నాణ్యతకు మార్కులు వేసే మార్స్ అనే పట్టికను ప్రకటించారు. 23 ప్రశ్నలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. ఆకట్టుకునే తీరు, పనితీరు, రూపం, సమాచారం అనే నాలుగు భాగాలతో పాటు సొంత అభిప్రాయానికి ఒక భాగం. ఇద్దరు విడివిడిగా మార్కులు వేసి సరిచూసుకుంటే సరిపోతుంది.

మునుగోడు మాస్టారు:
ఫార్మసిస్ట్ గారూ, మార్కులు కలిపే పద్ధతి చూశారా? మొదటి నాలుగు భాగాల సగటులకు మళ్లీ సగటు కడతారు. అంటే సమాచారానికి ఏడు ప్రశ్నలున్నా, మూడే ప్రశ్నలున్న రూపంతో సమానమైన విలువే. మిగతా మూడింటికీ 5, సమాచారానికి 2 వచ్చిన యాప్ సగటు 4.25! చూసేవాళ్లు మంచి యాప్ అనుకోరా? రోగికి చేటు చేసేది ఆ 2 కదా.

పైగా అన్నింటికీ 5 వచ్చినా మా ఊరికి పనికిరావాలని లేదు. మర్రిగూడ, మునుగోడు వైపు నడుము, మెడ బిగుసుకుపోయినవాళ్లను ముందు అడగాల్సింది “ఏ నీళ్లు తాగారు?” అని. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. దశాబ్దాల పాటు అంతకు మించిన బోరు నీళ్లు తాగి ఎముకలు దెబ్బతిన్న తరం ఇక్కడ ఉంది. వయసు, బరువు అడిగి వ్యాయామాలు చూపించే యాప్‌కు ఈ సంగతి పట్టదు. ఆశా కార్యకర్త అయితే మొదటి మాటే నీళ్ల గురించి అడుగుతుంది. నా మట్టుకు నేను ఏ యాప్ పేరూ చెప్పను.

నారాయణపేట నుంచి:
మాస్టారూ, ఆశా కార్యకర్త ఊళ్లో ఉంటుంది. ముంబైకి వలస పోయిన మా పాలమూరు వాళ్ల దగ్గర ఉండేది ఫోనే. షుగర్ మాత్ర వేసుకుని ఎండలో ఇటుకలు మోసే మనిషికి వణుకు, చెమటలు పడితే అది 70 కన్నా తగ్గిన షుగర్ కావచ్చని, వెంటనే మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకుని తాగి పావుగంట ఆగి మళ్లీ చూసుకోవాలని తెలుగులో గొంతుతో చెప్పే యాప్ ఉంటే ప్రాణం నిలుస్తుంది. దాన్ని వద్దనడం అన్యాయం.

దేవరకొండ నర్సు:
మీ మాట నిజం. కానీ ఆ గొంతు చెప్పే అంకె కూడా సరిగా ఉండాలి. మిల్లీమోల్ అనే విదేశీ లెక్కలో నడిచే యాప్‌లు పరగడుపు షుగర్‌ను 7 అని చూపుతాయి. మన ల్యాబ్ కాగితం మీద మిల్లీగ్రాముల లెక్కలో అదే 126. మధ్యలో ఉన్నది 18తో గుణకారం. 7 చూసి “తగ్గిపోయింది” అనుకుని మాత్ర ఆపేస్తే? అందుకే నా షరతులు ఇవి: సమాచారానికి 4 రాకపోతే మిగతా మార్కులు లెక్కలోకే తీసుకోకూడదు. వచ్చినవాటిని రోగి చేతికిచ్చి, చదివాక “ఇప్పుడేం చేస్తారు?” అని అతని నోటనే చెప్పించాలి. జొన్నరొట్టె తినేవాళ్లకు ఓట్స్ జాబితా ఇచ్చేదాన్ని పక్కన పెట్టాలి.

మునుగోడు మాస్టారు:
షరతులు బాగున్నాయి మేడమ్. యాప్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ ఇదంతా మళ్లీ ఎవరు చేస్తారు? ఓపీ వరుసలో వంద మంది నిలబడి ఉంటే మీకు ఆ తీరిక ఎవరిస్తారు?