'తెరపి' అన్న మాట మంచుయుగానికి సరిపోతుందా?

హన్మకొండ నుంచి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా బడిలో తొమ్మిదో తరగతి పిల్లలు గోడపత్రిక తెస్తున్నారు. మంచుయుగాల్లో సముద్రాలు ఎందుకు చల్లబడ్డాయి, మళ్ళీ ఎందుకు వేడెక్కాయి అన్న పేజీకి నేను సాయం చేస్తున్నాను. ఒక మాట దగ్గర ఆగిపోయాను. రెండు మంచుకాలాల నడుమ వచ్చే వెచ్చని కాలాన్ని 'అంతర హిమకాలం' అని రాస్తే, పిల్లలు మంచు లోపలి కాలం అనుకున్నారు. ముసురు పట్టిన రోజుల్లో మా అమ్మ "జర తెరిపిచ్చినంక పోదువు తీ బిడ్డా" అనేది. వాన అయిపోలేదు, కాసేపు ఆగిందంతే అన్న సంగతి ఆ ఒక్క మాటలోనే ఉంది. ఆ వెచ్చని కాలానికి 'తెరపి' అని పెడితే తప్పవుతుందా?

పరకాల నుంచి

మాట బాగుంది మేడమ్. కానీ తెరపి అంటే గడియో రెండు గడియలో. మనం ఉన్న వెచ్చని కాలం మొదలై సుమారు 11,700 ఏళ్ళు. సేద్యం పుట్టింది, ఊళ్ళు పుట్టాయి, ఓరుగల్లు కోట లేచింది, అన్నీ ఇందులోనే. ఇంత కాలానికి అంత చిన్న మాటా?

వరంగల్ నుంచి

సార్, దేని పక్కన పెట్టి కొలుస్తామన్నదాన్ని బట్టి ఉంటుంది. గత ఎనిమిది లక్షల ఏళ్ళుగా ఒక్కో చలి-వెచ్చదనం చుట్టు దాదాపు లక్ష ఏళ్ళు పడుతోంది. అందులో వెచ్చని భాగం చాలాసార్లు పది, ఇరవై వేల ఏళ్ళే. మూడు రోజుల ముసురులో ఒక పూట ఆగినట్టు. పైగా అంటార్కిటికాలో, గ్రీన్‌లాండ్‌లో మంచు ఇప్పటికీ ఉంది. శాస్త్రం లెక్కన మనం మంచుయుగం దాటి రాలేదు, దాని తెరపిలో ఉన్నాం. 'అంతర హిమకాలం' చెప్పలేని ఈ సంగతిని తెరపి చెబుతుంది. నా ఓటు దానికే.

నర్సంపేట నుంచి

అక్కా, నాది వ్యాకరణం ప్రశ్న. "వాన తెరపి ఇచ్చింది" అంటాం. ఇచ్చేది వానే. మరి మంచుయుగంలో తెరపి ఇచ్చేది ఎవరు? మంచేనా?

వరంగల్ నుంచి

తమ్ముడూ, పేజీ మొత్తం నీ ప్రశ్న మీదే నిలబడుతుంది. కాస్త పొడుగ్గా చెబుతాను.

మొదలుపెట్టేది ఎండ. గత శతాబ్దం తొలి సగంలో సెర్బియా శాస్త్రవేత్త మిలుతిన్ మిలాంకోవిచ్ ఈ లెక్క కట్టాడు. భూమి కక్ష్య సుమారు లక్ష ఏళ్ళకోసారి కాస్త సాగి మళ్ళీ గుండ్రమవుతుంది. భూమి వంపు 41,000 ఏళ్ళలో సుమారు 22 నుంచి 24.5 డిగ్రీల మధ్య ఊగుతుంది. బొంగరం తల తిప్పినట్టు అక్షం కూడా తిరుగుతుంది, దానివల్ల ఏ రుతువులో సూర్యుడికి దగ్గరవుతామన్నది ఇరవై వేల ఏళ్ళకు అటూ ఇటూగా మారుతుంది. ఏడాది మొత్తం మీద భూమికి అందే ఎండ దాదాపు అంతే ఉంటుంది. ఏ అక్షాంశం మీద, ఏ నెలలో ఎంత పడుతుందన్నదే మారుతుంది. అందరూ పొరబడేది ఇక్కడే. మంచు పేరుకోవడానికి చలికాలం గట్టిగా ఉండాలనుకుంటాం. నిజానికి కెనడా, ఉత్తర యూరప్‌లలో ఎండకాలం మెత్తబడితే చాలు, నిరుటి మంచు కరగకుండానే కొత్త మంచు పడుతుంది.

కానీ సముద్రం సంగతి అంతటితో తేలదు. సుమారు 21,000 ఏళ్ళ కిందట, చలి ముదిరినప్పుడు, సముద్రాల పైనీరు ఇప్పటికన్నా సగటున 2-3 డిగ్రీలు చల్లగా ఉంది. ఉష్ణమండలంలోనూ చల్లబడింది, దక్షిణార్ధగోళంలోనూ చల్లబడింది. ఉత్తరాన ఎండకాలం మెత్తబడితే అక్కడెక్కడో ఉన్న నీళ్ళకేం సంబంధం? ఆ చలిని లోకమంతా పంచింది, గాలిలో వేడిని పట్టి ఉంచే కార్బన్ డయాక్సైడ్ తగ్గడం. అంటార్కిటికా మంచులో చిక్కిన గాలిబుడగలను కొలిస్తే, మంచుకాలాల్లో అది పది లక్షల పాళ్ళలో 180 దాకా దిగింది, వెచ్చని కాలాల్లో 280 దగ్గరికి ఎక్కింది. తగ్గిన ఆ పాళ్ళు ఎక్కడికి పోయాయి? ఎక్కువ భాగం సముద్రంలోకే. చల్లని సోడాలో గ్యాస్ నిలిచినట్టు చల్లని నీళ్ళు ఎక్కువ పట్టుకుంటాయి. అంటార్కిటికా చుట్టూ లోతు నీళ్ళు పైకి రావడం తగ్గినా అది అడుగునే ఉండిపోతుంది. సముద్రం చల్లబడితే గాలిలో అది తగ్గుతుంది, తగ్గితే సముద్రం ఇంకా చల్లబడుతుంది. తెల్లని మంచు ఎండను తిప్పికొట్టడం దీనికి తోడు. కాబట్టి తెరపికి దారి తీసేది ఎండ, దాన్ని పెంచి నిలబెట్టేవి మంచు, గాలి, సముద్రం కలిసి. కారణం ఒకటి, కార్యం ఒకటి అని గీత గీసి విడదీయలేం.

పరకాల నుంచి

బాగా చెప్పారమ్మా. అప్పటి నీళ్ళ వేడి ఎట్ల తెలిసింది?

వరంగల్ నుంచి

సముద్రం అడుగున బురదలో ఇసుకరేణువంత సున్నపు గుల్లలు దొరుకుతాయి, ఫొరామినిఫెరా అనే ఏకకణ జీవులవి. నీళ్ళు వెచ్చగా ఉంటే గుల్లలో మెగ్నీషియం పాలు పెరుగుతుంది. అందులోని బరువైన ఆక్సిజన్ లెక్క నీటి వేడితో పాటు భూమ్మీద ఎంత మంచు ఉందో కూడా చెబుతుంది. 1976లో హేస్, ఇంబ్రీ, షాకెల్టన్ అనే ముగ్గురు ఆ గుల్లల్లో మిలాంకోవిచ్ లెక్కలే చూశారు. ఆ బురద తీసింది మన హిందూ మహాసముద్రం దక్షిణ భాగంలోంచే. ఇది చదివిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

గోదావరిఖని నుంచి

మా నాయన బొగ్గుబాయిల పనిచేసిండు. నాది కూడా ఆ పొరల పనే. మా గోదావరి లోయలో బొగ్గు పొరల కింద తాల్చేరు పొరలని ఉంటాయి. అందులో మంచు ఈడ్చుకొచ్చిన బండరాళ్ళు కనిపిస్తాయి. సుమారు 30 కోట్ల ఏళ్ళ కిందటి మంచుయుగం అది. దానికి తెరపి అనొద్దు, అది పూర్తిగా పోయింది. మా దిక్కు వాన మొత్తం ఆగితే "ఎలిసింది" అంటం. ఆ మంచుయుగం వెలిసింది, ఇప్పటిది తెరపి ఇచ్చింది. పిల్లలకు రెండు మాటలూ చెప్పండి మేడమ్.

పరకాల నుంచి

నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను. వెలియడం, తెరపి ఇవ్వడం. ఈ తేడా మన దగ్గర ఎప్పటినుంచో ఉంది.

నర్సంపేట నుంచి

ఒక్క భయం. తెరపి అంటే మళ్ళీ వాన వస్తుందనే కదా. ఇక చలి వస్తుంది, భూమి వేడెక్కుతోందని టెన్షన్ అక్కర్లేదు అని పిల్లలు అనుకుంటే?

వరంగల్ నుంచి

అనుకోవద్దు. అది తప్పకుండా రాయాలి. గాలిలో కార్బన్ డయాక్సైడ్ 180 నుంచి 280కి ఎక్కడానికి కొన్ని వేల ఏళ్ళు పట్టింది. 280 నుంచి 420 దాటడానికి రెండొందల ఏళ్ళ పైచిలుకు చాలింది, అదీ మనం కాల్చిన బొగ్గు, చమురు వల్ల. ఇప్పటి వేడికి కక్ష్య కారణం కాదు. కక్ష్య ఎప్పుడో తెచ్చే చలి వేల ఏళ్ళ మాట.

హన్మకొండ నుంచి

అందరికీ ధన్యవాదాలు. పేజీకి 'తెరపి' అని పేరు పెడుతున్నాను. ఈ చివరి వాక్యాలు పెద్ద అక్షరాల్లో రాయిస్తాను. ఒక చిన్న సంగతి. మా పిల్లలందరూ తెరిపి అంటారు, నిఘంటువులో తెరపి అని ఉంది. ఏది రాయాలి?

పరకాల నుంచి

పేరు తెరపి అని పెట్టండి. మీ అమ్మగారి మాట మాత్రం ఆమె అన్నట్టే, తెరిపి అనే, కింద రాయించండి.