బావమరిది దగ్గరా ఇదే కెమెరా ఉందట, మరి నా పని ఏంటి?

గోదారి_క్లిక్స్:
భీమవరం దగ్గర పెళ్లి ఫోటోలు తీస్తుంటానండీ, ఆరేళ్లయింది. మొన్న ఒక పార్టీ రేటు విని "మా బావమరిది దగ్గర కూడా ఇదే కెమెరా ఉంది, మీకెందుకండీ అంత" అన్నారు. ఒళ్లు మండింది గానీ జవాబు తట్టలేదు. కన్ను వెతికి ఫోకస్ అదే పట్టేస్తోంది, సెకనుకు 20 ఫోటోలు అదే తీస్తోంది. ఇంక నాకు వచ్చిన పనేంటి? సీనియర్లు చెప్పండి.

పాత_స్టూడియో:
తమ్ముడూ, జీలకర్ర బెల్లం పెట్టి తెర తీశాక ఇద్దరూ ఒకరినొకరు చూసుకునేది ఎంతసేపు? రెండు సెకన్లు. అప్పుడే పంతులుగారి చెయ్యి, మేనమామ భుజం, నాలుగు సెల్‌ఫోన్లు అడ్డం. కెమెరా కళ్లు పట్టుకుంటుంది నిజమే, ఎవరి కళ్లు కావాలో దానికేం తెలుసు? నాకోసారి వెనకాల వీడియో అబ్బాయి కళ్లు తళతళలాడుతూ వచ్చాయి, పెళ్లికూతురేమో మసక. అప్పట్నుంచి పంతులుగారు గడియారం చూడ్డం మొదలుపెట్టగానే స్టూలు వేసుకుని నిలబడిపోతా, తెర పట్టుకున్నాయనకి ముందే చెప్పి పెట్టుకుంటా, "బాబాయ్, మీ వైపు ముందు దించండి" అని. ఆ స్టూలు ఎక్కడ వెయ్యాలో ఏ మెనూలోనూ ఉండదు.

రీలు_36:
సగం పని కెమెరాకి పోయింది, ఒప్పుకోవాలి. రీలు రోజుల్లో ఎక్స్‌పోజర్, అంటే ఫోటోకి పడే వెలుతురు లెక్క, తప్పితే ప్రింటు చేతికొచ్చేదాకా తెలిసేది కాదు. ఈ గోల కొత్తదీ కాదు, 1888లోనే కొడాక్ "బటన్ మీరు నొక్కండి, మిగతాది మేం చూసుకుంటాం" అని కెమెరా అమ్మింది, బావమరుదులు అప్పట్నుంచీ ఉన్నారు. కానీ మధుపర్కాల్లో ఇద్దర్నీ దగ్గరగా తియ్యి, ఫ్రేము నిండా తెలుపే, ఆటోలో వదిలేస్తే బూడిద రంగులోకి లాగేస్తుంది. నేనైతే ఎక్స్‌పోజర్ ఒక స్టాప్, అంటే వెలుతురు రెట్టింపు, పైకి తోస్తా.

గోదారి_క్లిక్స్:
ఇంకోటి కూడా అడగాలి. శబ్దం రాకుండా ఎలక్ట్రానిక్ షటర్‌లో తీస్తే మొన్న ఫోటోల నిండా అడ్డ చారలు, కెమెరా పోయిందని సర్వీసుకి ఇవ్వబోయా.

రీలు_36:
కెమెరాకేం కాలేదు, డెకరేషన్ లైట్లు. మన కరెంటు 50 హెర్ట్జ్, చాలా లైట్లు సెకనుకి 100 సార్లు మిణుకుమంటాయి, కంటికి తెలీదంతే. ఎలక్ట్రానిక్ షటర్ ఫోటోని వరసవరసగా చదువుతుంది కాబట్టి ఆ మిణుకే చారలుగా పడుతుంది. మెకానికల్ షటర్‌కి మార్చి షటర్ స్పీడు 1/100 సెకను పెట్టి చూడు. చవక ఎల్ఈడీలు కొన్ని అప్పటికీ మాట వినవు, అందుకే మండపానికి గంట ముందే వెళ్లి నాలుగు తీసి చూసుకోవాలి.

గోదారి_క్లిక్స్:
థాంక్స్ అన్నలూ. ఆ పార్టీ చివరికి నాకే ఇచ్చారు, శుక్రవారం రాత్రి రెండింటికి ముహూర్తం. స్టూలు కొన్నా. బావమరిది గారు కూడా కెమెరా వేసుకుని వస్తున్నారట, తెర ఆయన్నే పట్టుకోమంటా.