ఇప్పటి కవుల పల్చటి పుస్తకాలు ఎక్కడ దొరుకుతున్నాయండీ?

లంకగాలి:
పోయిన ఆదివారం నరసాపురం వెళ్దామని సఖినేటిపల్లి రేవులో పంటు కోసం నిలబడ్డాం. అవతలి ఒడ్డునుంచి అది ఎంతకీ కదలదు. స్నేహితుడి సంచిలో ఓ పల్చటి కవితల పుస్తకం కనిపిస్తే తీసి చదవడం మొదలెట్టాను. 64 పేజీలు, మధ్యలో పిన్ను కొట్టిన పుస్తకం. అందులో ఓ కవితలో వరద తీశాక ఇంటి గోడ మీద మిగిలిన బురద గీతకి కూతుర్ని ఆనించి నిలబెట్టి, పోయినేటికీ ఇప్పటికీ ఎంత పొడుగయ్యిందో చూసుకుంటుంది తల్లి. మా లంకలో ఆ గీత నేను చిన్నప్పటినుంచీ చూస్తున్నాను, సున్నం వేయించేదాకా కంటికి చిరాగ్గా ఉండేది, అంతే. పంటు వచ్చి వెళ్లిపోయింది, మేం ఎక్కలేదు.

ఇలాంటివి ఇంకా చదవాలనుంది. అమలాపురం, రావులపాలెం షాపుల్లో అడిగితే టెస్ట్ పేపర్లు, భక్తి పుస్తకాలు, మహా అయితే శ్రీశ్రీ చూపించారు. ఇప్పుడు రాస్తున్నవాళ్లవి లేవన్నారు. ఎలా పట్టుకోవాలి?

కాకినాడ పాఠకుడు:
ముందు ఆ పుస్తకం రెండో పేజీ తిప్పండి. వెల, ముద్రణ వివరాల దగ్గర ‘ప్రతులకు’ అని ఉంటుంది చూడండి, దారి అక్కడే ఉంది. పైన ప్రచురణల పేరు ఏదో పెద్దగా కనిపిస్తుంది గానీ చాలాసార్లు అది కవి వాళ్లమ్మ పేరో పిల్లల పేరో, చిరునామా ఆయన ఇల్లే. అందుకే షాపువాళ్లకి తెలియదు. మొహమాటపడకుండా ఫోన్ చేయండి. నేను మొదటిసారి చేసినప్పుడు అవతల పెద్దాయన అరగంట మాట్లాడారు, నాలుగో రోజుకి పుస్తకం వచ్చింది, కవరు మీద అడ్రసు కూడా ఆయన చేతిరాతే.

ఉచితంగా మాత్రం అడగకండి. అడిగితే పంపేస్తారు, నాకు బాధ కలిగించేది అదే. వెలతో పాటు పోస్టు ఖర్చూ ఇవ్వండి. 2025 సెప్టెంబరు 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టుని స్పీడ్ పోస్టులో కలిపేశారు కదా, ఒక్క చిన్న పుస్తకం విడిగా తెప్పించుకుంటే పోస్టు ఖర్చు బరువే, నలుగురు కలిసి ఒకే కట్టగా తెప్పించుకోండి. ఇంకోటి, ముందుమాట ఎవరు రాశారో, చివర్లో ధన్యవాదాలు ఎవరికి చెప్పారో చదవండి. ఆ పేర్లలో సగం మంది కవులే అయ్యుంటారు, వాళ్లకీ పుస్తకాలుంటాయి.

రాజమండ్రి రాధ:
సోమవారం ఆంధ్రజ్యోతి ‘వివిధ’ పేజీ చూస్తుండండి, కొత్త పుస్తకాల సంగతులు చిన్న అక్షరాల్లో వేస్తారు, నేను కత్తిరించి డైరీలో అంటించుకుంటాను. నెట్‌లో అయితే ‘ఈమాట’ పత్రిక 1998 నుంచి నడుస్తోంది, ఫేస్‌బుక్‌లో ‘కవిసంగమం’ గ్రూపు ఉంది. నచ్చిన కవి అక్కడ తగిలితే పుస్తకం ఉందా అని నేరుగా అడిగేయండి. హైదరాబాద్‌లో ఛాయ, అన్వీక్షికి లాంటి చిన్న సంస్థలు కొత్తవాళ్లని వేస్తున్నాయి. అన్నిటికంటే నాకిష్టం జనవరిలో బెజవాడ పుస్తకాల పండగ. ఆర్డరు పెట్టేముందు నాలుగు కవితలు నిలబడి చదువుకోవచ్చు, కవిత్వం విషయంలో అది చాలా ముఖ్యం. పొద్దున్నే రైలెక్కితే సాయంత్రానికి ఇంటికొచ్చేయొచ్చు.

భీమవరం బాట:
నేను రాసేవాణ్ణి కాబట్టి అటువైపు సంగతి చెప్తాను. 500 కాపీలు వేశాను. ఆవిష్కరణ సభకి హాలు, శాలువాలు, టిఫిన్లు అన్నీ కలిపితే ప్రింటింగ్ బిల్లుని దాటేసింది. 1965లో తిరుగుబాటు కవిత్వం రాసిన దిగంబర కవుల మొదటి సంపుటిని హైదరాబాద్‌లో ఒక రిక్షా కార్మికుడు ఆవిష్కరించాడు, ఆ సంగతి అప్పుడు గుర్తు రాలేదు నాకు. సభలో 150 పంచాను. ఒక షాపు 20 తీసుకుంది, మూడేళ్లయింది, డబ్బూ లేదు పుస్తకాలూ లేవు. మిగతావి అటక మీద అట్టపెట్టెల్లో ఉన్నాయి. మన ముసుర్లకి కింది వరస అట్టలు ఒకదానికొకటి అంటుకుపోయాయి, విడదీస్తే బొమ్మ ఊడి వచ్చేసింది.

ఇన్నేళ్లలో కొనుక్కుంటానని ఫోన్ చేసినవాళ్లు తొమ్మిది మంది. అందరి ఊళ్లూ గుర్తున్నాయి నాకు. చదివాక ఏ కవిత నచ్చిందో ఒక్క ముక్క మెసేజ్ పెట్టండి, నచ్చకపోయినా పెట్టండి.

లంకగాలి:
రెండో పేజీలో నంబరుంది. ఇందాకే చేశాను. ఆ కవయిత్రే తీశారు. ఎన్ని కావాలండీ అన్నారు, ఆరు అన్నాను. కాసేపు అటునుంచి మాట లేదు. తర్వాత మెల్లగా, “ఆరూ మీకేనా బాబూ?” అని అడిగారు. బురద గీత కవిత గురించి చెప్పాను. ఆ గోడ ఇప్పుడు లేదట, ఏటి కోతకి ఇల్లే పోయిందట.

నాకొకటి, మా వాళ్లకి మూడు. రెండు మిగులుతాయి, అమలాపురం చుట్టుపక్కల ఎవరికైనా కావాలంటే ఇక్కడ చెప్పండి, తెచ్చిస్తాను. భీమవరం బాట గారూ, మీ పుస్తకం వెల ఎంతండీ?